అప్పజెప్పమ్మా

సాయంత్రం నాలుగు దాటాక మా బ్యాంకు షట్టరు సగానికి దించుతారు. రాజాంలో మా బ్రాంచి ఉన్న మేడ మీద ఒక ట్యూషన్ నడుస్తుంది. ఆ వేళకి పిల్లలు మెట్లెక్కి, చెప్పులు విప్పి, చాపలు పరుచుకుని, ఒక్కొక్కరే పాఠం అప్పజెప్పడం మొదలుపెడతారు. కిటికీలో బిగించిన ఏసీ పక్క సందులోంచి ఆ గొంతులు నా టేబుల్ మీదికి దిగుతాయి. మాటలు తెలియవు, రాగం మాత్రం తెలుస్తుంది. ఎవరో తడబడతారు, టీచరమ్మ "మళ్లీ" అంటుంది, ఆ గొంతు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. నేను పెన్ను కాగితం మీద ఆనించి అలాగే ఉండిపోతాను. ఎదురు కుర్చీలో ఎస్తేరు మేడమ్ కూర్చున్నట్టే ఉంటుంది. కళ్లు సగం మూసుకుని, తల కొంచెం పక్కకి వంచి వింటూ ఉంటారు. ఆవిడ పోయి ఏళ్లవుతోంది. రాజాం బ్రాంచికి ఆవిడ ఎప్పుడూ రాలేదు కూడా. అయినా ఆ గొంతులు వినపడితే ఆవిడ వస్తారు.

ఎస్తేరు మేడమ్ నా మొదటి మేనేజరు. ఉద్యోగం వచ్చి కోటబొమ్మాళిలో దిగినప్పుడు, బ్యాంకు అంటే అద్దాలు, చల్లదనం, టై కట్టుకున్న మనుషులు అనుకుంటూ వెళ్లాను. సంత దారిలో పాత పెంకుటింటికి ముందు భాగం మాత్రం రంగు వేసి, బోర్డు పెట్టి దాన్నే బ్యాంకు అన్నారు. సంత రోజున ఎండుచేపల వాసన, కొత్త బెల్లం వాసన కలిసి లోపలికి వచ్చేసి, సాయంత్రం దాకా మాతోనే కూర్చునేవి. ఆ వాసనలో, ముతక నేత చీరలో, కొబ్బరినూనె రాసి బిగించిన ముడితో ఒకావిడ వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కనిపించారు. ఎవరో ఖాతాదారు అనుకుని, పక్కకి జరగమన్నాను. ఆవిడ జరిగారు. నేను కూర్చున్నాక, "ఏమ్మా, వాణీ, ఇల్లు దొరికిందా?" అన్నారు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ చెవుల్లో వేడిగానే ఉంది.

ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. ఏ కాగితం మీదా ఎవరి చేతా ఊరికే సంతకం పెట్టించరు. ముందు కాగితంలో ఏముందో తెలుగులో చెప్తారు. చెప్పాక, "ఇప్పుడు నువ్వు నాకు అప్పజెప్పు" అంటారు. ఎదుటి మనిషి తన మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పేదాకా పెన్ను గానీ, వేలిముద్రల సిరా పెట్టె గానీ ఆవిడ చేతిలోనే. ఒకసారి పంట రుణానికి వచ్చిన ముసలాయన, "ఏటున్నాది తల్లీ, అప్పు ఇస్తారు, కోతలయ్యాక తీర్సీమంటారు" అన్నాడు. తీర్చకపోతే అని ఆవిడ అడిగారు. "మీరు మా ఇంటికి ఒస్తారు." వచ్చి? "టీ తాగీసి ఎల్తారు." బ్రాంచి అంతా నవ్వింది. ఆవిడా నవ్వారు, కానీ వడ్డీ సంగతి ఆయన నోటి వెంట వచ్చేదాకా వదల్లేదు. వెనకాల వరస గుమ్మం దాటి రోడ్డెక్కేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఈవిడ బ్యాంకు నడుపుతున్నారా, బడి నడుపుతున్నారా అని క్యాషియరు దగ్గర గొణిగేదాన్ని.

ఆ గొణుగుడు ఆవిడ చెవిన పడింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, కరెంటు పోయి అందరం విసనకర్రలు పట్టుకున్న వేళ, ఆవిడే ఎత్తారు. వాళ్ల నాన్నగారు బొబ్బిలి దగ్గర మిషను బడిలో మాస్టారట, ఆదివారం బడి కూడా ఆయనే చెప్పేవారట. బైబిలు కంఠత వాక్యం గడగడా అప్పజెప్పిన పిల్లలకి బిస్కత్తు దొరికేది కాదట. "నోటికి వచ్చింది సరే, ఇప్పుడు నీ మాటల్లో చెప్పు అనేవారు. చెప్తేనే బిస్కత్తు. నేను బిస్కత్తు కోసమే భక్తురాలినయ్యాను" అని నవ్వారు. తరవాత మెల్లగా అన్నారు: "పాఠం అప్పజెప్తాం. పిల్లని బడిలో అప్పజెప్తాం. తాళాలు అప్పజెప్తాం. అన్నింటికీ ఒకటే మాట చూశావా? మన చేతిలోది వాళ్ల చేతికి చేరాలి. చేరిందో లేదో చూసుకోవాల్సింది ఇచ్చినవాళ్లమే." ఆ మాట అప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు. నిద్ర వస్తోంది.

రోజూ ఉదయం రీజినల్ ఆఫీసు నుంచి ఫోన్లో మీటింగు ఉండేది. బ్రాంచి పేరు పిలిచి, నిన్న ఎన్ని ఇన్సూరెన్సు పాలసీలు అమ్మారని అడిగేవారు. రుణాల మాట, డిపాజిట్ల మాట, తుపాను వస్తోందన్న మాట కూడా దాని తరవాతే. పాలసీ అమ్మితే బ్యాంకుకి కమిషన్, ఎక్కువ అమ్మిన మేనేజర్లకి విదేశాల యాత్ర. మాకు ముందున్న మేనేజరు సముద్రం పక్కన టోపీ పెట్టుకుని దిగిన ఫొటో బ్రాంచి గోడకి ఇంకా వేలాడుతూనే ఉండేది. మా వంతు వచ్చినప్పుడు ఎస్తేరు మేడమ్, "నిల్ సార్" అని ముద్దుగా చెప్పి, ఫోను టేబుల్ మీద బోర్లించి శనక్కాయలు ఒలుచుకునేవారు. అవతల అరుపులు శనక్కాయ తొక్కల చప్పుడులో కలిసిపోయేవి. నాకేమో భయం. కొత్త ఉద్యోగం, ఇంకా పర్మనెంటు కాలేదు.

నూకాలు వచ్చిన మధ్యాహ్నం మబ్బుగా ఉంది. సముద్రం ఒడ్డు ఊరి నుంచి సంతకి ఎండుచేపలు తెచ్చి అమ్మే మనిషి. గంప గుమ్మం బయట దించి, తల మీది చుట్టకుదురు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది. భర్త వేటకి వెళ్లి తెప్ప తిరగబడి పోయాడు. ప్రభుత్వం ఇచ్చిన సాయం డబ్బు మా బ్యాంకులోనే ఆమె ఖాతాలో పడింది. అదంతా మేము అక్కడికి రాకముందు మాట. ఆమె నేరుగా మేడమ్ దగ్గరికి వెళ్లి, ఏదో మంచి వార్త తెచ్చినదానిలా చెప్పింది: "అమ్మా, ఈ ఏటిదీ కట్టీసినాను. ఇంకా ఎన్ని ముడులెయ్యాల?"

"ముడేంటి నూకాలమ్మా?"

"డబ్బు ముడమ్మా. ఐదేళ్లు కట్టి ఉంచాలనీసి ఆ బావు సెప్పినాడు గదా."

మేడమ్ శనక్కాయలు పక్కకి తోశారు. నూకాలు కొంగు ముడి విప్పి, నలిగిన కాగితాలు బయటికి తీసింది. అది డిపాజిట్ కాదు, మాకు ముందు ఆ బ్రాంచిలో పనిచేసిన కుర్రాడు అమ్మిన ఇన్సూరెన్సు పాలసీ. ఐదేళ్లు, ప్రతి ఏడూ అంతే సొమ్ము కట్టాలి. ఒక్క ఏడు ఆపినా ముందు కట్టినదాంట్లో చాలా భాగం పోతుంది. ఇదంతా ఇంగ్లీషులో ఉంది. కింద ఆమె వేలిముద్ర ఉంది. కట్టడం అంటే వాయిదా కట్టడమూ అదే, మూట కట్టడమూ అదే. కొంగున పైసలు ముడేసుకుని బతికే మనిషి, బ్యాంకు తన డబ్బుని ఐదేళ్ల పాటు గట్టిగా ముడేసి దాస్తుందని అనుకుంది. మళ్లీ కట్టాలని ఫోను వస్తే, ముడి వదులవుతోంది కాబోలు, రెండోది వెయ్యమంటున్నారు అనుకుంది.

"ఆ రోజు ఆ అబ్బాయి నీతో ఏమన్నాడో నాకు అప్పజెప్పమ్మా. నీకు అర్థమైంది కాదు. వాడు అన్నది అన్నట్టు చెప్పు" అన్నారు మేడమ్. నూకాలు చెయ్యి చీరకి తుడుచుకుని, కళ్లు మూసుకుంది. ఒడ్డున చేపల వేలంపాటలో బేరమంతా నోటి మాట మీదే కదా, మాటలు ఆమెకి బాగా నిలిచేవి. గొంతు మార్చి, పట్నం కుర్రాడి తెలుగులో చెప్పింది: "పిన్నీ, ఇంత డబ్బు ఊరికే ఖాతాలో ఉంటే రోజుకొకరు చెయ్యి చాపుతారు. కట్టి ఉంచెయ్యి. ఐదేళ్లు కడితే చాలు, రెట్టింపు విప్పుకోవచ్చు. మా అమ్మకీ ఇదే కట్టించాను." ఆ కుర్రాడు ఆమె పొరపాటు కనిపెట్టాడు. కనిపెట్టి, దాన్ని సరిదిద్దకుండా, ఆ 'విప్పుకోవచ్చు' అనే మాట చేర్చి ఇంకాస్త బిగించాడు.

"రెండోది కట్టడానికి డబ్బెక్కడిది?" అని మేడమ్ అడిగారు.

"తెప్ప ఇంజను అమ్మీసినానమ్మా. మా మరిది దాని మీదే యేటకి ఎల్తుండీవోడు. ఇంజను లేదు గదా, ఇప్పుడు గుజరాతు ఎల్పోయినాడు, బోట్ల మీద కూలికి. ముడి ఇప్పినప్పుడు కొత్త ఇంజను కొంటాననీసి సెప్పినాను. ఒచ్చేస్తానన్నాడు." ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. తన పని తాను సరిగ్గా చేసుకొచ్చిన మనిషి నవ్వు అది. మేడమ్ ఆమెకి నిజం చెప్పారు. ఎలా చెప్పారో నాకు మాటలు గుర్తు లేవు. నూకాలు చాలాసేపు గుమ్మం వైపు చూస్తూ కూర్చోవడం, బయట గంపలోకి కాకి దిగితే లేచి అదిలించకపోవడం మాత్రం గుర్తున్నాయి.

ఆ ఊళ్లోనే మరికొందరు ఆడవాళ్లకి అదే కుర్రాడు అదే మాట చెప్పి అదే కాగితం అంటగట్టాడని వారంలో తేలింది. వాళ్లు రెండో వాయిదా కట్టలేదు, డబ్బు లేక. మేడమ్ ఫోన్లు మొదలుపెట్టారు. ఇన్సూరెన్సు వాళ్లు, అమ్మింది మీ బ్యాంకే కదా అన్నారు. మా పైవాళ్లు, పాలసీ వాళ్లది కదా అన్నారు. పాత మేనేజరు, నేను బదిలీ అయిపోయాను కదా అన్నాడు. ఆ కుర్రాడికి ప్రమోషన్ వచ్చి విజయనగరంలో రీజినల్ ఆఫీసులోనే కూర్చున్నాడు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. అందరి మాటా ఒక్కచోటే ఆగేది, "ఎక్కడో పొరపాటు జరిగినట్టుంది మేడమ్" అని. ఆవిడకి కోపం వస్తే బొబ్బిలి మాట వచ్చేసేది. ఫోను పెట్టేసి, "జరగడానికి అదేమైనా జాతరేటి వాణీ? ఎవలో ఒకలు సేస్తేనే గదా జరిగింది! ఆ సేసినోలు ఎవలంటే మాత్రం ఒక్కడూ నోరిప్పడు" అన్నారు. నవ్వొచ్చింది నాకు, వెంటనే ఆగిపోయింది.

ఒకరోజు సెలవు పెట్టి, పొద్దున్నే విజయనగరం పాసింజరు ఎక్కాం. ఆవిడ, నేను, నూకాలు, ఇంకా ఆ ఆడవాళ్లు. నేనెందుకు వెళ్లానంటే ఆవిడ రమ్మనలేదు కాబట్టి. రమ్మని ఉంటే ఏదో వంక చెప్పేదాన్ని. ఆవిడ చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకున్నారు. పొలాల మీద మంచు ఇంకా లేవలేదు. వంశధార వంతెన మీద రైలు నెమ్మదించింది. కింద ఇసుక తిన్నెల మధ్య నీళ్లు కదులుతున్నాయో లేదో తెలియనట్టున్నాయి. పెట్టె నిండా చద్దన్నం, ఉల్లిపాయ వాసన. మేడమ్ ఒక్కొక్కరినీ పిలిచి, "అప్పజెప్పమ్మా" అంటున్నారు. ఒకామె మధ్యలో ఆ కుర్రాణ్ని తిట్టడం మొదలుపెడితే, మిగతావాళ్లు పడీపడీ నవ్వారు. "తిట్టక్కర్లేదు, ఏడవక్కర్లేదు. అన్నది అన్నట్టు చెప్పండి చాలు" అన్నారు ఆవిడ. మళ్లీ మొదలు. రైలు ఊగుతోంది, ఆ మాటలకి రైలు లయ పట్టింది. కాసేపటికి అది మోసం మాట అని మరిచిపోయి, ఏదో పాట నేర్చుకుంటున్నట్టే అనిపించింది నాకు. ఆ ప్రయాణం అక్కడే ఆగిపోతే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

రీజినల్ ఆఫీసులో చల్లగా ఉంది. మా వాళ్లు కుర్చీల అంచుల మీద కూర్చున్నారు. రీజినల్ మేనేజరు గారు నీళ్ల సీసాలు తెప్పించారు, ఆ కుర్రాణ్ని కూడా పిలిపించారు. మేడమ్ విషయం రెండు మాటల్లో చెప్పి, "వీళ్లకి మా బ్రాంచిలో ఏం చెప్పారో వీళ్లే అప్పజెప్తారు సార్" అన్నారు. మొదటామె చెప్పింది. రెండో ఆమె చెప్పింది. అవే మాటలు, అదే వరస, అదే 'పిన్నీ'. మూడో ఆమె ఎత్తుకునేసరికి ఆ కుర్రాడు తల దించేశాడు. వేరే వేరే నోళ్లలోంచి తన గొంతే వస్తుంటే ఎవరు మాత్రం వినగలరు? చివర నూకాలు చెప్పింది. అంతా చెప్పి, "మా అమ్మకీ ఇదే కట్టించాను" అన్న దగ్గర ఆగి, తన గొంతులోకి వచ్చేసింది.

"మీ యమ్మ రెండో ముడికి ఏటి అమ్మినాది బావూ?"

రీజినల్ మేనేజరు గారు గొంతు సవరించుకుని, "చూడమ్మా, ఎక్కడో పొరపాటు జరిగింది. పరిశీలిస్తాం" అన్నారు.

"జరగలేదు సార్" అన్నారు ఎస్తేరు మేడమ్. గొంతు పెంచలేదు. "చేశాం."

"మీరు అప్పటికి ఆ బ్రాంచిలో లేరు కదా మేడమ్. మీరెందుకు మీద వేసుకుంటారు?"

"లేను సార్. జీతం ఈ బ్యాంకుదే తింటున్నాను. బ్యాంకు లాభం నాది అయితే బ్యాంకు తప్పు కూడా నాదే. వీళ్లతో అబద్ధం ఆడాం. వీళ్ల డబ్బు తిన్నాం. తిరిగి ఇచ్చేద్దాం." బల్ల కింద నేను ఆవిడ చీర అంచు పట్టుకుని లాగుతున్నాను, ఆపమని. ఆవిడ నా చెయ్యి మీద చెయ్యి వేసి అలా ఉంచారు. మరుక్షణం నా గాజులు నొక్కుకుపోయేంత గట్టిగా పట్టుకున్నారు. అప్పటిదాకా ఆవిడకి భయం లేదనుకున్నాను. ఉందని ఆ రోజు తెలిసింది. ఆవిడ మీద నాకున్న ప్రేమ అక్కడే మొదలైందనుకుంటాను.

బదిలీ కాగితం తొందరగానే వచ్చింది. పరిపాలనా కారణాల వల్ల ఒడిశా అవతల ఎక్కడికో వేశారు. "చూశావా, ఇదీ ఎవరూ చెయ్యలేదు. దానంతట అదే జరిగింది" అని నవ్వారు. కొత్త మేనేజరు వచ్చేదాకా చార్జి నాకు ఇచ్చారు. తాళాలు, స్ట్రాంగ్ రూము, బంగారం ప్యాకెట్లు, సీళ్లు అన్నీ చూపించాక, కుర్చీలో వెనక్కి వాలి, "అప్పజెప్పు" అన్నారు. అన్నీ వరసగా చెప్పాను. "ఇంకా?" అన్నారు. ఏదో మరిచిపోయానని మళ్లీ మొదటి నుంచి చెప్పాను. "ఇంకా?" బయట సంత సద్దుమణుగుతోంది. నాకు అప్పుడు తట్టింది. "నూకాలు డబ్బు" అన్నాను. ఆవిడ లేచి, సంచీ భుజానికి తగిలించుకుని, స్టేషనుకి బయల్దేరారు.

మిగతా ఆడవాళ్ల డబ్బు కొన్ని నెలలకి తిరిగి వచ్చింది. తప్పు ఒప్పుకోకుండా, కేవలం సద్భావంతో ఇస్తున్నామని రాశారు. నూకాలుకి మాత్రం రాలేదు. రెండో వాయిదా కూడా కట్టింది కాబట్టి పాలసీ ఏమిటో తెలిసే కట్టిందట. అంటే, డబ్బు లేక ఊరుకున్నవాళ్లకి న్యాయం దొరికింది, బ్యాంకు మాట నమ్మి ఇంజను అమ్మి మరీ కట్టినదానికి దొరకలేదు. కట్టినదాంట్లో కొంచెం ఇస్తామన్నారు. నూకాలు తీసుకోలేదు. "తల, తోక ఇచ్చీసి సేప ఇచ్చినాం అంతారా? నానొప్పుకోను" అంది. నేను పైకి రాస్తూనే ఉన్నాను, ఇప్పటికీ. బదిలీల మీద బదిలీలు అయ్యాక, రాజాంలో మేనేజరుగా కూర్చుని కూడా రాస్తున్నాను. ఎస్తేరు మేడమ్ ఎప్పుడు ఫోను చేసినా ముందు అదే అడిగేవారు. జబ్బు చేసి, మాట తగ్గిపోయాక, "ఏమైంది?" అని ఒక్క ముక్క. ఇంకా కాలేదని చెప్తే, అవతల ఊపిరి వినిపించేది. బొబ్బిలిలో ఆవిణ్ణి మట్టి చేసిన రోజున వాన పడుతూ ఆగుతూ ఉంది. పాటలు పాడుతున్నారు. నాకు ఆ పాటలు రావు, అయినా పెదవులు కదిపాను.

నూకాలు ఇప్పటికీ వస్తుంది. ఎండుచేపల బేరానికి రాజాం దాకా వచ్చినప్పుడల్లా గంప బయట దించి లోపలికి వస్తుంది. మరిది గుజరాతులోనే ఉన్నాడు. తెప్ప ఇసుకలో బోర్లా ఉందట, పిల్లలు దాని నీడలో ఆడుకుంటున్నారట. "ఇప్పినారేటమ్మా?" అని అడుగుతుంది. లేదంటాను. మొదట్లో ఆమె ఊరుకుని వెళ్లిపోయేది. ఒకసారి మాత్రం వెళ్లకుండా నిలబడి, నా మొహంలోకి చూసి, "అయితే అప్పసెప్పమ్మా" అంది. ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు. బ్రాంచి నిండా జనం ఉన్నారు. నేను కుర్చీలోంచి లేచాను.

అప్పటి నుంచి ఆమె వచ్చిన ప్రతిసారీ లేస్తాను. "నువ్వు డబ్బు దాచమన్నావు. మేము దాస్తామని చెప్పి వేరే కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాం. నీ చేత ఇంజను అమ్మించాం. నీ డబ్బు మేము ఇంకా ఇవ్వలేదు." కౌంటర్లో కుర్రాళ్లు తలలు దించుకుంటారు, వరసలో ఉన్నవాళ్లు తిరిగి చూస్తారు. నూకాలు కళ్లు సగం మూసుకుని, తల కొంచెం పక్కకి వంచి చివరి ముక్క దాకా వింటుంది.

"ఊఁ. మరిసిపోనేదు" అని, గంప ఎత్తుకుని సంతకి వెళ్లిపోతుంది.